చెరువు లెక్కన మంగకు వేసిన మందు

నరసాపురం నాకు కొత్త ఊరు కాదు. మా చెల్లెలు మంగను అక్కడికిచ్చి ఇరవై ఆరేళ్ళయింది. పట్టిసీమ దగ్గర మా ఊళ్ళో పొద్దున్నే బయల్దేరితే సాయంత్రం దీపాలు పెట్టేలోపు వాళ్ళింట్లో ఉంటాను. ఇంత దగ్గరి ప్రయాణం గురించి రాయడానికి ఏముంటుందని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ పోయిన వేసవిలో అక్కడికి వెళ్ళి, భీమవరం చూసి, రాజమండ్రి మీదుగా ఇల్లు చేరిన ఆ ఐదు రోజుల్లో నాకు వచ్చినంత విసుగు నా యాభై ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ రాలేదు. ఎవరి మీద చూపించాలో తెలియక కాగితం మీద పెడుతున్నాను.

అంతా ఒక ఫోనుతో మొదలైంది. మా మరిది సూర్రావుగారు, అంటే మంగ భర్త, మా ఎదురింటి వాళ్ళ ఫోనుకు చేసి నన్ను పిలిపించారు. ఆయనకు రెండు రొయ్యల చెరువులున్నాయి. మనిషి మంచివాడు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పే ఓపిక నాకు ఉండదు.

"వదినగారూ, మీకో మంచి కబురండి. మన ఒంట్లోనే గంజాయి తయారవుతుందంటండి."

నేను ఫోనును ఒకసారి చెవి నుంచి తీసి చూసి మళ్ళీ పెట్టుకున్నాను.

"ఎవరి ఒంట్లోనండి?"

"అందరి ఒంట్లోనండి. మీకూ ఉంటుంది, నాకూ ఉంటుంది. మంగకు తగ్గిపోయిందంట. ఆ దిగులంతా అందుకేనంట. దాన్ని పెంచడానికి కాప్స్యూల్సు వచ్చాయండి, వేస్తున్నాను. ఇంక రాజమండ్రి డాక్టరు చుట్టూ తిరగక్కర్లేదు."

"మరి డాక్టరుగారి బిళ్ళలు?"

"ఆపేశామండి. మూడు వారాలైంది."

మా వైపు శివరాత్రి తీర్థానికి బైరాగులు వస్తారు. గంజాయి తాగేవాళ్ళను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. వాళ్ళ మొహాల్లో మా చెల్లెలికి తెచ్చి పెట్టాలనిపించేది ఏదీ నాకు ఎప్పుడూ కనపడలేదు. కానీ నన్ను బస్సెక్కించింది గంజాయి మాట కాదు, మూడు వారాల మాట.

మంగకు ఆ దిగులు పట్టుకుని రెండున్నరేళ్ళు. కారణం ఏంటని అడగని మనిషి లేడు. కారణం లేదు. పిల్లలిద్దరూ హాస్టళ్ళలో ఉండి బాగానే చదువుకుంటున్నారు, ఇంట్లో లోటు లేదు. ఉన్నట్టుండి నిద్ర పోయింది, తిండి పోయింది, తర్వాత మాట పోయింది. చేతిలోంచి లేసు సూది ఎప్పుడూ దిగని మనిషి అది పక్కన పెట్టేసింది. ఒకరోజు తెల్లవారుజామున రేవు మెట్ల దగ్గర నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉంటే గోదావరి దాటించే పంటు వాళ్ళు చూసి ఇంటికి తీసుకొచ్చారు. స్నానానికి దిగాను అంది. చీర మీద చీర కట్టుకుని ఎవరూ స్నానానికి దిగరు. ఆ తర్వాతే రాజమండ్రి డాక్టరుగారికి చూపించాం. బిళ్ళలు మొదలుపెట్టిన రెండో నెలలో నిద్ర వచ్చింది. ఐదో నెలకి మళ్ళీ సూది పట్టుకుంది. ఆ బిళ్ళల్నే ఇప్పుడు ఆపేశారు.

నిడదవోలులో ప్యాసింజరు

నరసాపురం ప్యాసింజరు నిడదవోలులో ఎంతసేపు నిలబడుతుందో ఆ డ్రైవరుకు కూడా తెలియదనుకుంటాను. కిటికీ చువ్వలు కాలిపోతున్నాయి. ఎదురు బల్ల మీద భీమవరం వెళ్ళే ఒకావిడ ముంజల బుట్ట కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. పక్కన పాలకొల్లు పెద్దాయన ఒకాయన. గోదావరికి పైన మా వైపు మనుషులు ఎదుటివాళ్ళని అడిగితే ఊరి పేరు అడుగుతారు, అంతే. దిగువకి వెళ్ళేకొద్దీ ప్రశ్నలు పెరుగుతాయి. బండి కదిలే లోపు నాకెంతమంది పిల్లలో, మా ఆయన ఏ జబ్బుతో పోయారో, నేను ఎక్కడికి ఎందుకు వెళ్తున్నానో ఇద్దరికీ తెలిసిపోయింది.

"దిగులాండి," అంది ముంజలావిడ. "మా తోటికోడలికి అంతే ఉండేది. పొద్దున్నే పరగడుపున సరస్వతాకు నూరి పోయండి."

"ఆకులతో ఏం పోతుందమ్మా," అన్నాడు పెద్దాయన. "వాస్తు చూపించండి. ఈశాన్యంలో బరువు పెట్టుంటారు."

"డాక్టరుగారి మందు ఉందండి. అది వేసుకుంటే తగ్గింది," అన్నాను.

"తగ్గితే మరి ఆపెయ్యొచ్చు కదండీ," అన్నారు ఇద్దరూ ఒకేసారి. అంతవరకు ఒకరి మాట ఒకరు ఒప్పుకోని వాళ్ళు అక్కడ కలిశారు.

అత్తిలి దగ్గర ఎక్కిన ఇంకొకతను విషయం సగం విని, చెప్పుల్లేకుండా గడ్డి మీద నడవమన్నాడు. ఆ పెట్టెలో టిక్కెట్టు లేనివాళ్ళు ఉన్నారేమో గానీ మందు లేనివాళ్ళు మాత్రం లేరు. ముంజలావిడ దిగేటప్పుడు నాలుగు ముంజలు నా చేతిలో పెట్టి డబ్బు తీసుకోలేదు. తిట్టుకోవడానికి కూడా లేకుండా చేసి వెళ్ళిపోయింది.

నరసాపురం

మంగ గుమ్మంలోకి వచ్చి "వచ్చావా అక్కా" అంది. తర్వాత వెళ్ళి గోడ పక్క కుర్చీలో కూర్చుంది. అంతే. జడ వేసుకుని మూడు నాలుగు రోజులై ఉంటుంది. కళ్ళ కింద బొగ్గు రాసినట్టుంది.

వీధి అరుగుల మీద ఆడవాళ్ళు కూర్చుని లేసు అల్లుకుంటున్నారు. మా వైపు ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకోవాలంటే పని ఆపుకోవాలి. నరసాపురంలో అక్కర్లేదు, వేళ్ళు వాటి దారిన అవి పోతుంటాయి, నోరు దాని దారిన అది పోతుంది. ఆ వీధి మొత్తంలో ఉత్త చేతులతో కూర్చున్నది మంగ ఒక్కతే. సగం అల్లిన పువ్వు దారపు ఉండతో సహా కిటికీలో పడి ఉంది. దాని మీద దుమ్ము.

వంటకు వచ్చే ఆవిడ బొమ్మిడాయి చేపల పులుసు చేసి వెళ్ళింది. నేను రెండోసారి వడ్డించుకున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. మంగ తన కంచం పట్టుకుని పెరట్లో తింటానని వెళ్ళింది. వెనకాలే బాతులు గోలగోలగా పరిగెత్తాయి. కాసేపటికి ఖాళీ కంచంతో తిరిగొచ్చింది. సూర్రావుగారు ఆ కంచాన్ని వంగి చూసి నా వైపు తిరిగి తలాడించారు. "చూశారా, తింటోంది" అని ఆ తలాడించడం.

తర్వాత సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. పొడుగాటి పసుపు కాప్స్యూల్స్. కొత్త సీసా కావడంతో మూతి లోపల దూది కూరి ఉంది, నా వేళ్ళకు రాలేదు. కిటికీలో మంగ లేసు సూది ఉంటే దాని కొక్కెంతో లాగి తీశాను. సీసా మీదంతా ఇంగ్లీషు. లోపల మడత పెట్టిన కాగితం మాత్రం తెలుగులో ఉంది.

నేను చదువు నేర్చుకున్నది నలభై ఆరో ఏట, మా ఊళ్ళో పెద్దవాళ్ళకి పెట్టిన బడిలో. సూర్రావుగారు డిగ్రీ చదివారు. ఆయన కాగితాన్ని ఇలా చూసి అలా పక్కన పెట్టేస్తారు. నాకు ఎగరేసి చదవడం చేతకాదు, ముందు అక్షరం దాటితేగానీ తర్వాతి అక్షరం అందదు. అందుకని కాగితం అడుగున చీమతలకాయంత అక్షరాల దాకా వచ్చేసరికి చాలాసేపు పట్టింది. వచ్చాక పైకి చదివాను.

"ఇది మందు కాదు. వైద్యులు ఇచ్చిన మందులకు బదులుగా దీనిని వాడరాదు."

"అలాగే రాస్తారండి వదినగారూ. అన్నిటిమీదా ఉంటుంది అది. మేత బస్తా మీద కూడా ఉంటుంది," అన్నారు సూర్రావుగారు.

"మేత బస్తా మీద డాక్టరుగారి సంగతి ఎందుకుంటుందండి?"

"ఆ లెక్కేనండి. రేపు చెరువు దగ్గరికి రండి, మీకు అర్థమయ్యేలా చెప్తాను."

మంగ మా ఇద్దరినీ చూసింది. ఎవరో పక్కింటివాళ్ళ గొడవ వింటున్నట్టు.

చెరువు గట్టు

మొగల్తూరు దారిలో ఒకప్పుడు వరి పండిన పొలాలే ఇప్పుడు రొయ్యల చెరువులు. పొద్దున్న ఏడింటికే గట్టు మీద వేడి సెగ కొడుతోంది. నీళ్ళలో ఏరియేటర్లు తిరుగుతున్నాయి. రొయ్యలకి గాలి ఆడటానికి నీళ్ళని చిలికే యంత్రాలవి. పొలం గట్టు మీద మనిషి ఆకాశం వంక చూస్తాడు. చెరువు గట్టు మీద మనిషి ఎప్పుడూ కిందకే చూస్తాడు.

సూర్రావుగారు తాడు పట్టుకుని నీళ్ళలోంచి ఒక వల పళ్ళెం పైకి లాగారు. దాన్ని చెక్ ట్రే అంటారు. అందులో కొంచెం మేత వేసి దింపుతారు. రెండు గంటల తర్వాత తీసి చూస్తారు. ఖాళీగా ఉంటే రొయ్య తింటోందని, మిగిలితే ఏదో తేడా ఉందని.

"ఖాళీగా ఉందండి. అయినా నమ్మకూడదు," అన్నారు ఆయన, ట్రే మూలలో దాక్కున్న చిన్న పీతను తీసి గట్టు మీద పడేస్తూ. "ఇది ఉంటే మొత్తం ఇదే తినేస్తుంది. మనం రొయ్య తిందనుకుని మేత పెంచుకుంటూ పోతాం. కింద రొయ్య ఆకలితో ఎండిపోతుంది."

ఇంత తెలివిగా మాట్లాడిన మనిషి ఆ వెంటనే చెప్పిన మాట వినండి.

"ఇప్పుడు మంగ సంగతి చూడండి. చెరువులో మంచి సూక్ష్మజీవులు పెరగడానికి ప్రోబయాటిక్ వేస్తామండి. అయితే బ్లీచింగో అయోడినో కొట్టినప్పుడు వెంటనే వెయ్యకూడదు. వేస్తే ఆ మందు ఈ మంచివాటిని కూడా చంపేస్తుంది, రెండూ దండగ. మందు ఆపి, మూడు రోజులు నీళ్ళని ఖాళీగా వదిలేసి, అప్పుడు వెయ్యాలి. మంగకూ అలాగే చేశాను. డాక్టరుగారి బిళ్ళలు ఆపి, మూడు రోజులు ఖాళీగా ఉంచి, అప్పుడు కాప్స్యూల్స్ మొదలెట్టాను."

"ఎవరు చెప్పారండి అలా చెయ్యమని?"

"ఎవరూ చెప్పక్కర్లేదండి, ఇరవై ఏళ్ళ అనుభవం. డోసు కూడా బరువు లెక్క కట్టే వేస్తున్నాను. మంగ యాభై రెండు కేజీలు."

"ఇప్పుడు యాభై రెండు లేదండి."

ఆయన ట్రేని మళ్ళీ నీళ్ళలోకి జాగ్రత్తగా, చప్పుడు కాకుండా దింపారు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి మంగను తీసుకుని బస్సెక్కేదాన్ని. ప్రతి కాప్స్యూలూ వేళ తప్పకుండా నీళ్ళగ్లాసుతో పట్టుకెళ్ళి ఇచ్చే మనిషిని ఏమని తిట్టాలి?

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మర్నాడు భీమవరంలో ఆ కాప్స్యూల్స్ వాళ్ళ మీటింగు. ముగ్గురం వెళ్ళాలి. అక్కడ ఉపన్యాసం ఇచ్చే పెద్దాయన చెప్పేది నేను పూర్తిగా వినాలి. విన్నాక కూడా నా మాట మీదే ఉంటే మంగను రాజమండ్రి తీసుకెళ్దామన్నారు.

భీమవరం కల్యాణ మండపం

ముందు భోజనం, తర్వాత ఉపన్యాసం. ఈ వరస ఎందుకో నాకు ఆలస్యంగా తెలిసింది.

రొయ్యల వేపుడు, గుత్తివంకాయ, పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, బొబ్బట్ల మీద నెయ్యి. సూర్రావుగారికి మేత అమ్మే షాపాయనే ఈ కాప్స్యూల్స్ కూడా అమ్ముతాడు. ఆయన వరసల మధ్య తిరుగుతూ ప్రతి ఆకు దగ్గరా ఆగి "ఇంకొక్కటి వేయించుకోండి, నా మాట కాదనకండి" అంటున్నాడు. మా వైపు చెయ్యి అడ్డం పెడితే వడ్డన ఆగుతుంది. భీమవరంలో చెయ్యి మీద వేస్తారు. మంగ ఆకు ముందు తల వంచుకుని కూర్చుంది. షాపాయన స్వయంగా ఆమెకు బొబ్బట్టు వేసి "మా చెల్లెమ్మ తినాలి" అన్నాడు. మంగ తుంచి నోట్లో పెట్టుకుంది. మింగడానికి ఎంత కష్టపడిందో పక్కన కూర్చున్న నాకు తెలుసు.

ఉపన్యాసం ఇచ్చినాయన ఆ ఉక్కలో టై కట్టుకున్నాడు. బాగా మాట్లాడాడు, ఒప్పుకోవాలి. గంజాయి ఆకులో మెదడు మీద పనిచేసే పదార్థాలు ఉంటాయట. వాటిలాంటివే కొన్ని మన ఒంట్లో వాటంతటవే పుడుతుంటాయట. ఆకలి, నిద్ర, నొప్పి, భయం, వీటన్నిటినీ అవి అటూఇటూ సర్దుతూ ఉంటాయట. అందులో ఒకదానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారట, ఆనందం అనే మన మాట మీద.

అంతవరకు నాకు నచ్చింది. ఒంట్లో ఏముందో తెలుసుకోవడం ఎవరికి చేదు? ఆ తర్వాత ఆయన సీసా పైకెత్తి చూపించి, ఇది వేసుకుంటే అది పెరుగుతుంది, అది పెరిగితే దిగులు పోతుంది అన్నాడు. రెండు వంతెనలు కట్టకుండానే రెండు ఏర్లు దాటేశాడు.

నేను లేచి నిలబడ్డాను. "అయ్యా, ఇది వేసుకుంటే అది పెరిగిందని ఎలా తెలుస్తుందండి? ఎవరికైనా కొలిచి చూశారా?"

"మంచి ప్రశ్న అమ్మా," అన్నాడు ఆయన. మంచి ప్రశ్న అన్నవాడు జవాబు చెప్పడని నాకు బడి రోజుల నుంచి తెలుసు. "కొలవడం దేనికమ్మా, ఫలితం మన మధ్యనే ఉంటే?"

అప్పటికే షాపాయన మంగను లేపుతున్నాడు. ఆమె చేతిలో మైకు పెట్టారు. "చెప్పమ్మా, మూడు వారాల నుంచి వాడుతున్నావు. ఎలా ఉంది?"

మంగ మైకును చూసింది. షాపాయనను చూసింది. "బాగానే ఉందండి," అంది.

చప్పట్లు. సూర్రావుగారు అందరికంటే గట్టిగా కొట్టారు. మంగకు ఒక స్టీలు డబ్బా బహుమతిగా ఇచ్చారు. నేను కూర్చున్నాను.

తిరుగు బస్సు

మంగ పక్కన నేను, ముందు సీట్లో సూర్రావుగారు. స్టీలు డబ్బా మంగ ఒళ్ళో ఉంది. నేను వీరవాసరం వరకు ఆపుకున్నాను, ఇక ఆపుకోలేకపోయాను.

"ఏమే, బాగానే ఉందా నీకు?"

"అన్నం పెట్టాక బాగోలేదని ఎలా అంటానక్కా," అంది మంగ. "అంతమందిలో. ఆయన స్వయంగా వడ్డించాడు కూడాను."

సూర్రావుగారు వెనక్కి తిరిగారు. "అదేంటి? మరి నాకు రోజూ పొద్దున్నే చెప్తున్నావు కదా, బాగుందని."

"మీరు అంత ఆపేక్షగా తెచ్చి ఇస్తుంటే..." అని మంగ కిటికీ వైపు తిరిగింది.

"అన్నం తింటున్నావు కదా. నేను చూస్తున్నాను కదా, కంచం ఖాళీగా ఉంటోంది."

 నేనే అన్నాను. "మీ పెరట్లో బాతుల్ని చూశారాండి ఈ మధ్య? నడవలేకపోతున్నాయి."

ఆయన ముందుకు తిరిగిపోయారు. పాలకొల్లు వచ్చింది, పోయింది. కండక్టరు చిల్లర ఇస్తే తీసుకోవడం కూడా మర్చిపోయారు. నరసాపురం బస్టాండులో దిగాక, నా వైపు చూడకుండా, "పీత సంగతి మర్చిపోయానండి," అన్నారు. తర్వాత, "రేపు మొదటి పంటు ఎన్నింటికో కనుక్కుని వస్తాను," అని రేవు వైపు వెళ్ళారు.

గెలిచానని సంతోషం రావాలి. రాలేదు. మూడు వారాలు పోయాయి కదా అనే అనిపించింది.

పంటు దాటి కోనసీమ

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి మీద పంటు. దాని మీద స్కూటర్లు, అరటి గెలలు, పెళ్ళివారు, రెండు మేకలు, మేము. ఏ రేవు మెట్ల మీద మంగ ఆ రోజు దిగిందో అక్కడి నుంచే ఎక్కాం. పంటు కదిలాక నేను మంగ మణికట్టు పట్టుకున్నాను. సూర్రావుగారు మాకూ రెయిలింగుకూ మధ్యలో వచ్చి నిలబడ్డారు. నది అందంగా ఉందని అందరూ రాస్తారు. నేను చూడలేదు. అవతలి ఒడ్డు ఎంత దూరం ఉందో అదే చూశాను.

"చెయ్యి వదులక్కా, గాజు గుచ్చుకుంటోంది," అంది మంగ.

"గుచ్చుకోనీ," అన్నాను. అవతల మెట్లు ఎక్కేదాకా వదల్లేదు.

రాజోలు దాటాక బస్సులో ఒక వాసన మొదలైంది. కిటికీ పక్కనాయన ముక్కు మూసుకున్నాడు. కండక్టరు నా దగ్గరికి వచ్చి, "ఎండుచేపలు సీట్లో పెట్టకూడదమ్మా, పైన పెట్టండి. లగేజి టిక్కెట్టు కూడా తీసుకోవాలి," అన్నాడు.

"నా దగ్గర ఎండుచేపల్లేవు నాయనా."

సంచి విప్పి చూస్తే డాక్టరుగారికి చూపించడానికి తెచ్చిన సీసా మూత ఊడి ఉంది. దూది తీసి మూత సరిగా బిగించనిది నేనే. ఎండకి కాప్స్యూల్స్ మెత్తబడి, ఒకదానికొకటి అంటుకుని చిట్లి, నా రెండో చీరంతా నూనె అయింది. ఆనందం గీనందం నాకు తెలియదు, అది చేపనూనె. వాకిట్లోకి చేపలు వచ్చే నరసాపురంలో, నాలుగు పులుసుల ఖర్చు పెట్టి, సీసాలో చేపనూనె కొన్నారు.

"పోన్లెండి వదినగారూ, చీర నేను కొనిస్తాను," అన్నారు సూర్రావుగారు. మంగ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పొద్దున్న గాజు సంగతి తప్పితే, నేను వచ్చాక ఏదో ఒకటి నచ్చలేదని ఆమె చూపించడం అదే మొదటిసారి.

రావులపాలెంలో బస్సు మారి ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా రాజమండ్రి చేరాం. ఆ వాసన మాతోనే వచ్చింది.

రాజమండ్రి

డాక్టరుగారు నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆయన కోప్పడతారని, సూర్రావుగారికి నేను చెయ్యలేని పని ఆయన చేస్తారని ఎదురుచూశాను. కోప్పడలేదు. జిడ్డు సీసాను కాగితంతో పట్టుకుని తిప్పి చూశారు.

"ఒంట్లో అలాంటి పదార్థాలు ఉన్నమాట నిజమేనండి. వాటి గురించి ఇంకా తెలుసుకుంటున్నారు. ఈ నూనె కూడా చెడ్డదేం కాదు, అన్నంతో పాటు వేసుకుంటే వేసుకోండి. కానీ ఇది ఆవిడ మందు చేసే పని చేస్తుందని నేను చెప్పలేను. మీకు అమ్మినాయనా చెప్పలేడు. మందు ఎందుకు ఆపారు?"

సూర్రావుగారు చేతులు కట్టుకుని చెప్పారు. బ్లీచింగు, ప్రోబయాటిక్, మూడు రోజుల ఖాళీ, అన్నీ. డాక్టరుగారికి సగం అర్థం కాలేదు, నేను మధ్యలో విడమరిచాను. 

అప్పుడు మంగ, బల్ల వైపు చూస్తూ, "చెరువులో ఏ మందు ఆపినా ఏరియేటరు మాత్రం ఆపరండి ఈయన. నాకు అదే ఆపేశారు," అంది.

ఎవరూ అడక్కుండా ఆమె అన్న మాట అది. సూర్రావుగారు జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

డాక్టరుగారు పాత బిళ్ళలే తక్కువ మోతాదుతో మళ్ళీ రాశారు. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. అంతవరకు ఒంటరిగా వదలొద్దని, నీళ్ళ వైపు పంపొద్దని, ఇలా ఇంకోసారి ఆపాలనిపిస్తే ముందు తనకు ఫోను చెయ్యమని సూర్రావుగారికి చెప్పారు. భీమవరం సంగతి నేను చెప్పాక మంగ వైపు తిరిగారు.

"ఎవరడిగినా బాగోలేకపోతే బాగోలేదనే చెప్పాలమ్మా. నేను నీకు భోజనం పెట్టలేదు కదా, నా దగ్గర మర్యాద అక్కర్లేదు."

ఆ రోజుకు లాడ్జిలో ఉండి మర్నాడు పొద్దున్న స్టేషనుకు వెళ్ళాం. వాళ్ళిద్దరూ నరసాపురం బండి ఎక్కారు. సూర్రావుగారు మందుల చీటీని చొక్కా జేబులో పెట్టుకుని పైనుంచి చెయ్యి తీయడం లేదు. నేను కిటికీ దగ్గర నిలబడి మంగను అడిగాను.

"ఎలా ఉందే?"

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. "బాగోలేదక్కా," అంది.

బండి కదిలింది. ఆ మాట పట్టుకుని నేను మా ఊరి బస్సెక్కాను.

మా ఊరి పోస్టాఫీసు

తర్వాత ఎనిమిది వారాలు ఫోనులో సూర్రావుగారే మాట్లాడారు. నిద్ర పడుతోందండి అని ఒకసారి. రెండు ముద్దలు తింటోందండి, ఎదురుగా కూర్చునే చూస్తున్నాను, బాతుల్ని అమ్మేశాను అని ఇంకొకసారి. నేను నమ్మీ నమ్మనట్టు విన్నాను. ఆయన ట్రే చూడటం ఎంతవరకు నమ్మొచ్చో నాకు తెలుసు.

తొమ్మిదో వారం మంగ చేతిరాతతో ఇన్లాండు కవరు వచ్చింది. మా ఇద్దరిలో చిన్నప్పుడు బడికి వెళ్ళింది తనే. నేను చదవడం నేర్చుకున్నాక తను నాకు రాసిన మొదటి ఉత్తరం ఇది. అరుగు మీద కూర్చుని అక్షరం అక్షరం చదివాను.

"అక్కా, నా సన్న సూది కనపడటం లేదు. ఆ సీసాలో దూది నువ్వు దాంతోనే తీశావని ఇప్పుడు గుర్తొచ్చింది. నీ సంచిలోనే వేసుకుని పోయి ఉంటావు. నాలుగు రోజుల నుంచి ఇల్లంతా వెతుకుతున్నాను, ఈయన చేత మంచం కింద కూడా వెతికించాను. లేసు సూదితో దూది పొడుస్తారా ఎవరైనా? అడక్కుండా నా వస్తువులు ముట్టుకోవడం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. వేరే సూదితో అల్లితే పువ్వు వదులొస్తోంది, రెండుసార్లు విప్పేశాను. వెంటనే పంపించు."

క్షేమమా అన్న మాట కూడా లేదు. అంతా తిట్లే. రెండోసారి చదివాను. తర్వాత ఎదురింటావిడ వస్తే ఆవిడకూ చదివి వినిపించాను.

సూది సంచి అడుగున, చిరిగిన గుడ్డలో గుచ్చుకుని దొరికింది. సబ్బుతో కడిగి, అట్టముక్క మధ్య పెట్టి, కవర్లో కుట్టి, పోస్టాఫీసుకు తీసుకెళ్ళాను. రిజిస్టరు చెయ్యమన్నాను.

"ఏముందండి ఇందులో?" అన్నాడు గుమాస్తా.

"లేసు సూదండి."

"సూదికి రిజిస్టరు పోస్టాండి? నరసాపురానికా? అక్కడ దొరకని సూదా?"

"దొరుకుతాయండి. ఆవిడకి ఇదే కావాలంట."

అతను కవరు తూకం వేసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "చేప వాసనొస్తోందేంటండి?" అన్నాడు.

మూడుసార్లు కడిగానని చెప్పాను. దానికి కూడా మంగ ఇంకో ఉత్తరం రాస్తుంది. రాయనీ.